పెద్దవల తాడు మీద నా చోటు

మొన్న మధ్యాహ్నం భోజనమై కాస్త నడుము వాలుద్దామనుకుంటుండగా పక్క వాటాలో ఉండే అమ్మాయి ఫోను పట్టుకుని వచ్చింది. ఏదో పోటీ పరీక్షకు చదువుతోంది. ఇంగ్లీషులో 'పుల్' అన్న మాటకు ఎన్ని అర్థాలుంటే అన్నిటికీ ఒక్కో వాక్యం రాసుకు రమ్మన్నారట. జీవితమంతా ఇంగ్లీషు చెప్పి రిటైరైన దాన్ని గోడకవతల పెట్టుకుని ఊరంతా వెతకడమెందుకని నా దగ్గరికే వచ్చింది. ఫోనులో నిఘంటువు తెరిచి వేలితో పైకి తోస్తూ ఉంటే అర్థాలు వస్తూనే ఉన్నాయి. తాడు లాగడమూ అదే, పన్ను పీకడమూ అదే, బండి ఈడ్వడమూ, చంద్రుడు సముద్రాన్ని తనవైపు గుంజుకోవడమూ, పై అధికారుల దగ్గర పలుకుబడి ఉండడమూ, రోజులు ఎలాగో నెట్టుకురావడమూ అన్నీ అదే. నేను వాక్యాలు చెబుతున్నాను, పిల్ల రాసుకుంటోంది. తాడు దగ్గరికి వచ్చేసరికి, అనుకోకుండానే, ఆడవాళ్ళు తాడు లాగారు అన్న వాక్యం నా నోట వచ్చింది. ఏ ఆడవాళ్ళు, ఏం తాడు అని పిల్ల తలెత్తి చూసింది. చెప్పడం మొదలుపెడితే పొద్దుగూకుతుందని, ముందు రాసుకోవే అని కసిరాను.

పిల్ల వెళ్ళిపోయింది గానీ నాకు కునుకు పట్టలేదు. ఎలా ఉన్నారండీ అని ఎవరైనా అడిగితే, ఏదో పుల్ ఆన్ చేస్తున్నాం అని జవాబు చెప్పే తరం కదా మనది, ఎవరికి ఉద్యోగం వచ్చినా అభినందించే ముందు ఎవరి పుల్లండీ అని ఆరా తీసిన తరం కూడా మనదే, కాబట్టి మీతో చెప్పుకుంటే మీకు విసుగు పుట్టదని నా ధైర్యం.

మాది సంగం వైపు పల్లె. పెన్న నీళ్ళు, వరిచేలు, ఇంటి ముందు ధాన్యం రాసులు తప్ప నాకు వేరే ప్రపంచం తెలియదు. సముద్రాన్ని హైస్కూల్లో ఉండగా ఒకసారి మైపాడు తీసుకెళ్ళినప్పుడు చూశాను, అదీ చెప్పులు తడవకుండా. అలాంటి నాకు మొదటి ఉద్యోగం మైపాడు దాటి ఇసుకలో నడిచి వెళ్ళాల్సిన ఒక చిన్న పాళెంలో వచ్చింది. బడి అంటే సరుగుడు తోపు పక్కన రెండు గదులు. గాలి కొడితే పిల్లల పలకల మీద ఇసుక రాలేది, అక్షరాలు దిద్దేముందు ఊదుకోవాల్సి వచ్చేది. రోజూ నెల్లూరు నుంచి వచ్చిపోవడం కుదిరేది కాదు, బస్సు ఉన్నప్పుడు ఉన్నట్టు, లేనప్పుడు లేనట్టు. అందుకని ఆ ఊళ్ళోనే ఒక గది తీసుకున్నాను.

మా అమ్మ నన్ను పంపేటప్పుడు బియ్యం మూట, చింతపండు, కారం, ఒక పంపు స్టవ్వు కట్టి ఇచ్చింది. గది అద్దెకు తీసుకో, వాళ్ళ పొయ్యి మీద వండింది మాత్రం ముట్టుకోవద్దు అని నా చేత ఒట్టు వేయించుకుంది. అప్పటి రోజులు మీకు తెలియనివి కావు. మా అమ్మ చెడ్డది కాదు, తనకు నేర్పిందే తను నేర్పింది, అంతే.

ఆ ఇంటి ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. నాకంటే ఆరేడేళ్ళు పెద్దది. మనిషి పొడవు, మాట అంతకన్నా పొడవు. భర్త పచ్చకామెర్లతో పోయాడు. తెల్లవారి వల ఒడ్డుకు రాగానే చేపల గంప ఎత్తుకుని నెల్లూరు బస్సెక్కేది, కండక్టరు వాసన అని గొణిగితే, నిన్న రాత్రి నువ్వు తిన్న పులుసు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పమని బస్సంతా వినేలా నిలదీసేది. ఇంట్లో ఇంకా ఒక ఆరేళ్ళ కూతురు, ఒక అత్తగారు, ఒక మరిది, అతని పెళ్ళాం. అత్తగారిని ఊరంతా అవ్వ అనేవాళ్ళు కనుక నేనూ అవ్వా అన్నాను. అవ్వ గడప మీద కూర్చుని దవడలో పొగాకు పెట్టుకుని, వల చిరుగులు తడిమి తడిమి కుట్టేది, ఆమె కంటికి చూపు అంతగా ఆనేది కాదు. నా పంపు స్టవ్వు ఒక పట్టాన వెలిగేది కాదు. పిన్ను పెట్టి పొడిచి, పంపు కొట్టి కొట్టి నేను చెమటలు కక్కుతుంటే, "ఆ పాము బుసలు ఎప్పుడాపుతుందిమా?" అని గడప మీది నుంచి అవ్వ అడిగేది. లోపల అక్క వాళ్ళ పొయ్యి మీద మామిడికాయ ముక్కలేసిన పులుసు ఉడుకుతూ ఉండేది. ఆ వాసనకు నా పప్పుచారు ముద్ద గొంతు దిగేది కాదు, ఒట్టు గుర్తొచ్చి ఎలాగో దింపేదాన్ని.

ఇక పెద్దవల సంగతి చెప్పాలి, అది చెప్పకపోతే తక్కినదేదీ అర్థం కాదు. ఆ పాళెంలో కొన్ని ఇళ్ళవాళ్ళందరికీ ఉమ్మడిగా ఒక పెద్దవల ఉండేది. తెల్లవారుజామున ఒక పడవ ఆ వలను వేసుకుంటూ సముద్రంలోకి వెళ్ళి, పెద్ద చుట్టు తిరిగి మళ్ళీ ఒడ్డుకే వచ్చేది. వల రెండు కొసలకూ కట్టిన కొబ్బరిపీచు తాళ్ళను పట్టుకుని, ఒడ్డున రెండు వరసల జనం సముద్రం వైపు ముఖం పెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ లాగాలి. కొన చేరినవాడు తాడు వదిలి పరుగున మళ్ళీ నీళ్ళ దగ్గరికి వెళ్ళి ముందు చేరాలి. వల కడుపు ఇసుకను తాకేదాకా ఆ నడక ఆగకూడదు. ఆ వలలో పడ్డ నెత్తళ్ళూ కవళ్ళూ, అదృష్టం బాగుంటే నాలుగు సందువాలూ, తాడు పట్టిన ఇళ్ళన్నిటికీ సమానంగా పాలు పడతాయి. అయితే ఒక కట్టుబాటు ఉంది. ఆ ఇంటి పొయ్యి కూడు తినే మనిషే ఆ ఇంటి చోటులో తాడు పట్టాలి, కూలికి మనిషిని పెట్టడానికి లేదు. ఇంకొకటి, పాలు పంచి చేపలు అమ్మే చెయ్యి తాడు పట్టరాదు. పంపకంలో పేచీలు రాకూడదని ఎప్పుడో పెద్దలు పెట్టుకున్న ఏర్పాటది. అందుకని అక్క గంప మోస్తుంది, మరిది తాడు లాగుతాడు, ఆ పాలుతో ఇల్లు నడుస్తుంది. 

నేను వెళ్ళిన మొదటి సంవత్సరమే ఆ మరిది మద్రాసు రేవులో పని దొరికిందని, పెళ్ళాన్ని తీసుకుని వేరుపడి వెళ్ళిపోయాడు. ఇంట్లో మిగిలింది చూపు ఆనని అవ్వ, ఆరేళ్ళ పిల్ల, గంప మోసే అక్క. అక్క గంప దించి తాడు పడదామంటే, ఇంట్లో చేపలు అమ్మే చెయ్యి ఇంకొకటి లేదు. తాడు పట్టే మనిషి లేని ఇంటి చోటు, వరసలో ఎదురుచూస్తున్న ఇంకొక ఇంటికి పోతుంది. అలా పోయిన చోటు మళ్ళీ తిరిగి రాదు. చోటు పోతే అక్క గంపలోకి చేప రాదు, ఆ ముగ్గురూ ఏం తినాలో నాకైతే ఊహకందలేదు. అంత నోరున్న అక్క, మరిది వెళ్ళిన వారమంతా బస్సెక్కనూ లేదు, కండక్టరుతో పోట్లాడనూ లేదు. గంప బోర్లించి దాని మీద కూర్చుని ఇసుకలోకి చూస్తూ ఉండేది.

ఊరి పెద్ద, తెల్ల మీసాల ముసలాయన, ఒక ఆదివారం పొద్దున ఆ సంగతి మాట్లాడడానికే వచ్చాడు. ఆయనకూ మనసొప్పడం లేదని ముఖం చూస్తే తెలుస్తోంది. తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకుంటూ, ఎవరో ఒకరు తాడు పట్టాలి కదా అని నసిగాడు. అప్పుడు అవ్వ వల కుట్టడం ఆపకుండానే, "ఎందుకు లేరు? మా ఇంట్లో పడుచుపిల్ల ఉండాది గదా, టీచరమ్మ," అంది. నేను పంపు స్టవ్వు దగ్గర పిన్ను పట్టుకుని ఉన్నాను. ఆయన నన్నూ స్టవ్వునూ చూసి, "ఆయమ్మ నీ పొయ్యి కూడు యాడ తింటా ఉంది అవ్వా?" అన్నాడు.

అవ్వ నా వైపు ముఖం తిప్పింది. చూపు ఆనని ఆ కళ్ళు నన్ను అడిగిందేమిటో నాకు తెలుసు. అక్క మాత్రం నన్ను చూడలేదు, నేను ఒట్టు వేసి వచ్చిన సంగతి ఆమెకు తెలుసు, నన్ను ఇరకాటంలో పెట్టడం ఆమెకు ఇష్టం లేదు. నేను పిన్ను కింద పెట్టి లేచి, లోపలికి వెళ్ళి, కంచం తీసుకుని, నేనే అన్నం పెట్టుకుని, కుండలోంచి పులుసు పోసుకుని, రెండు ముక్కలు వేసుకుని, పంచలోకి వచ్చి ఆయన ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. మా ఇంట్లో మగవాళ్ళ ముందు ఆడపిల్ల అలా కూర్చుని తినడం ఎరగం. కారం నషాళానికంటి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఆపకుండా తిన్నాను. ఒక ముల్లు గొంతులో గుచ్చుకుంటే అక్క గబుక్కున వట్టి అన్నం ముద్ద చేసి నా నోట్లో పెట్టింది. ఊరి పెద్ద ఆఖరి ముద్ద దాకా చూసి, "సరేమా, రేప్పొద్దున వచ్చి తాడు పట్టు," అని లేచాడు. ఆయన వీధి మలుపు తిరిగాక అక్క నా కంచం కడగడానికి తీసుకుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

తాడు లాగడమంటే ఏమిటో మర్నాడు తెలిసింది. పీచు తాడు తడిసి బిరుసెక్కి ఉంటుంది, అరచేతులు మొదటి రోజే పొక్కులెక్కాయి. వెనక్కి నడవడం రాక రెండుసార్లు వెల్లకిలా పడ్డాను, వరసంతా ఒకటే నవ్వు. వాళ్ళు ఒక ఊపులో, ఒక కేకతో లాగుతారు, నేను కేక అయిపోయాక లాగేదాన్ని. ఆ వరసలో అప్పటికి మగ దిక్కులేని ఇళ్ళ నుంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఉండేవాళ్ళు, వాళ్ళే నా నడుముకు పాత చీర మడతపెట్టి చుట్టి, తాడు దాని మీద ఆనించి ఒళ్ళంతా వెనక్కి వాల్చడం నేర్పారు. సాయంత్రాలు అవ్వ నా చేతులు తన ఒళ్ళోకి లాక్కుని కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసేది. బడిలో సుద్దముక్క పట్టుకోలేక నా అక్షరాలు వంకర్లు పోతే పిల్లలు కిసుక్కున నవ్వేవాళ్ళు గానీ, ఆ నవ్వులో నన్ను తమలో కలుపుకున్న చనువు ఉండేది. అంతకుముందు నేను అడిగితే నోరు విప్పని పిల్లలు, పొద్దున వలలో ఏం పడిందో నాతో చర్చించడం మొదలుపెట్టారు. హాజరు పిలవడం అయ్యాక కాసేపు అదే మాకు పాఠం.

ఆ పొద్దులు ఎంత బాగుండేవో చెప్పడానికి నాకు చేతకావడం లేదు. ఇంకా చుక్కలు పూర్తిగా పోకముందే లేచి, అక్క ఇచ్చిన చద్దన్నం నీళ్ళు తాగి, ఒడ్డుకు వెళ్ళేసరికి నీళ్ళ మీద వెలుగు పాకుతూ ఉండేది. వల దగ్గరికొచ్చేకొద్దీ తాడు బరువెక్కేది, ఆ బరువు చేతికి తెలిసినప్పుడు వరసలో అందరి కళ్ళూ నీళ్ళ మీదే ఉండేవి. తర్వాత వల కడుపు ఇసుక మీదికి వచ్చి వెండిలా మిలమిలలాడితే పిల్లలూ కాకులూ ఒక్కసారే అరిచేవాళ్ళు. అక్క తన పాలు గంపలోకి ఎత్తుకుంటూ, "మా టీచరమ్మ లాగిన చేపలబ్బా ఇవి, పాఠాలు కూడా చెప్తాయి, బేరమాడబాకండి," అని అప్పటినుంచే బేరం మొదలుపెట్టేది. పంపు స్టవ్వు మూలన తుప్పు పట్టింది.

మా నాన్న ఒకసారి చెప్పకుండా వచ్చాడు. కొత్త బియ్యం మూట భుజాన వేసుకుని పొద్దున్నే ఇసుకలో నడిచి వస్తూ, నడుముకు పాత చీర చుట్టుకుని, తల రేగి, తాడు పట్టుకుని వెనక్కి నడుస్తున్న నన్ను చూశాడు. వల ఒడ్డుకు వచ్చేదాకా మూట దించకుండా నిలబడ్డాడు. ఇంటికి వచ్చాక నా రెండు చేతులూ తిప్పి చూశాడు. సేద్యం చేసిన మనిషికి కాయలు కాసిన చెయ్యి కొత్త కాదు, ఆయన చేతులూ అలాంటివే. "నీకివి రాకూడదనే గదమ్మా నిన్ను చదివించింది," అని మాత్రం అన్నాడు. అక్క పెట్టిన అన్నం తినలేదు, అలాగని తోసేయలేదు, కడుపు బాగాలేదని మజ్జిగ పుచ్చుకుని వెళ్ళిపోయాడు.

ఆయనకు జిల్లా ఆఫీసులో ఒక పెద్దమనిషి తెలుసు. రెండు నెలలు తిరక్కుండా నాకు సంగం పక్క ఊరికి బదిలీ అయింది. అప్పట్లో బదిలీ కోసం జనం కాళ్ళరిగేలా తిరిగేవాళ్ళు, నాది అడక్కుండానే వచ్చింది. మా హెడ్మాస్టరు చేతులు జోడించి, మీ నాన్నగారికి పుల్లు గట్టిదేనమ్మా అని నవ్వాడు. మా నాన్న మీద నాకు కోపం రాలేదు, ఇప్పటికీ లేదు, కూతురి చేతుల కోసమే చేశాడు. కానీ నేను వెళితే అక్క ఇంటి చోటు పోతుంది. ఉద్యోగం వదిలే స్తోమత నాకు లేదు, అక్కను వదిలే మనసూ లేదు. కొత్త బడిలో చేరడానికి గవర్నమెంటు ఇచ్చే గడువు మొత్తం వాడుకుని, ఊరంతా కలిసి చేసే గంగమ్మ కొలుపు జాతర దాకా అక్కడే ఉండిపోయాను. ఎందుకంటే ఆ సంవత్సరానికి తాడు మీద ఎవరి చోటు ఎవరిదో తేల్చేది ఆ రోజే.

కొలుపు రోజు ఒడ్డున పందిరి కింద ఊరు మొత్తం కూర్చుంది. మా ఇంటి వంతు వచ్చింది. టీచరమ్మ వెళ్ళిపోతోంది, ఇక ఆ ఇంటి పొయ్యి కూడు తినదు, కనుక చోటు ఖాళీ అని ఒకాయన అన్నాడు, ఆయన తప్పు మాట్లాడలేదు. ఎదురుచూస్తున్న ఇంటివాళ్ళూ బీదవాళ్ళే. అక్క లేవబోయింది గానీ అవ్వ ఆమె భుజం పట్టి కూర్చోబెట్టి, నా చెయ్యి పట్టుకుని తనే లేచింది. "ఆడబిడ్డ పెండ్లయి అత్తగారింటికి పోతే పుట్టింట్లో దానికి కూడుండదా? మీ ఇండ్లల్లో అట్నే చేస్తా ఉండారా? ఇది నా బిడ్డ. ఉద్యోగానికి పోతా ఉంది, వస్తాది. వచ్చిన పొద్దు నా పొయ్యి కాడే తింటాది," అని ఊరందరి మీదా కేకలేసింది. చోటు ఖాళీ అన్నాయన తల గోక్కుంటూ వెనక్కి జరిగి కూర్చున్నాడు. ఊళ్ళో పెళ్ళి చేసి పంపిన ఆడపిల్ల లేని ఇల్లంటూ లేదు మరి.

చివరికి ఊరి పెద్ద తేల్చాడు. ఆ ఇంటి చోటు ఉంటుంది, ఆ ఇంటి పిల్ల పెద్దదై తాడు పట్టేదాకా పక్కింటి కుర్రవాడు బదులు పడతాడు, వాడికి పాలులో సగం. కానీ టీచరమ్మ ఏటా గంగమ్మ కొలుపు నాడు వచ్చి, అవ్వ పొయ్యి కూడు తిని, తాడు పట్టి వెళ్ళాలి. రాని ఏడు చోటు లేదు. ఎదురుచూస్తున్న ఇంటికి మరుసటి ఏడు వలలో కొత్త చోటు కల్పించారని తర్వాత విని స్థిమితపడ్డాను.

ఇక నా సంసారంలో ఏం జరిగినా ఆ ఒక్క రోజు ఆ రోజే. పెళ్ళయిన ఏడు కొత్త చీర కట్టుకుని వెళితే అవ్వ తిట్టి పాత చీర ఇచ్చింది. పెద్దవాడు కడుపులో ఉన్నప్పుడు తాడు ముట్టుకుని వదిలేస్తే చాలన్నారు. చంటివాణ్ణి ఎత్తుకుని రెండు బస్సులు మారి వెళ్ళినప్పుడు వాణ్ణి ఒడ్డున ఎవరెవరో ఎత్తుకుని తిప్పారు, వల వచ్చేదాకా నాకు బిడ్డ కనిపించనే లేదు. మావారు మొదట విసుక్కున్నారు, తర్వాత తనూ వచ్చి ఇసుకలో కూర్చుని వేరుశనక్కాయలు తినేవారు. మా అమ్మ ఒక ఏడు, నీ అక్కకు ఇవ్వమని కొత్త ఆవకాయ జాడీ ఇచ్చి పంపింది. అక్క ఆ జాడీని కడిగి, దాని నిండా ఉప్పుచేపలు పెట్టి తిప్పి పంపింది. మా అమ్మ తిన్నదో లేదో నేను అడగలేదు, జాడీ మాత్రం మరుసటి ఏడుకు ఖాళీగా ఉంది.

అవ్వ పోయింది. పిల్ల పెద్దదై తాడు పట్టింది, నేను వెళ్ళకపోయినా చోటుకు ఢోకా లేని రోజులు వచ్చాయి, అయినా వెళ్ళాను. తర్వాత ఇంజను పడవలు వచ్చి చేపలు దూరం జరిగాయన్నారు, పెద్దవల ఎత్తినప్పుడల్లా కడుపు ఖాళీగా వచ్చేది. ఒక ఏడు వెళ్ళేసరికి వలను ముక్కలుగా కోసి పెరళ్ళ చుట్టూ దడి కట్టుకున్నారు. అక్క కూతురు మొగుడితో కలిసి జువ్వలదిన్నె రేవు దగ్గర ఐసు వ్యాపారం పెట్టుకుంది, పైకి వచ్చింది. అక్క మాత్రం కదలనంది. ఏటా కొలుపుకు వారం ముందు ఫోన్ చేసి, "తాడు లేకపోతే ఏంమా, పొయ్యి ఉంది గదా, వచ్చి తిని పో," అనేది. వెళ్ళి తిని వచ్చేదాన్ని. ఇద్దరం ఒడ్డుకు వెళ్ళి కూర్చుని, చచ్చిపోయిన వాళ్ళనందరినీ ఒకసారి తలుచుకుని, ఎవరు ఎంత బద్ధకంగా లాగేవాళ్ళో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం.

నిరుడు అక్క కూడా పోయింది. ఈ ఏడు కొలుపు నాడు ఫోన్ రాలేదు. రాదని తెలిసీ పొద్దున్నే తయారై కూర్చున్నాను, కూర్చోలేక బస్సెక్కాను. ఇప్పుడు పాళెం దాకా తారు రోడ్డుంది, ఆటో నేరుగా ఒడ్డు మీద దింపింది. ఒక ట్రాక్టరు ఫైబరు పడవను చిటికెలో మెరక మీదికి లాగేసి, ఇంకో దాని కోసం తిరిగి వెళుతోంది. ఎవరి అరచెయ్యీ పొక్కడం లేదు, ఎవరి నడుమూ కోసుకుపోవడం లేదు, అది నాకు సంతోషమే. అక్క ఇంటి తలుపుకు తాళం ఉంది. వలలు సర్దుకుంటున్న ఒక కుర్రవాడు మర్యాదగా లేచి నిలబడి, "ఎవురు కావాల్మా మీకు?" అని అడిగాడు.

నాకు కావలసినవాళ్ళు ఇప్పుడు ఆ ఊళ్ళో ఎవరూ లేరు. ఊరికే సముద్రం చూడడానికి వచ్చాను నాయనా అన్నాను. వాడు నీడలో కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, చుట్టానికి చేసినట్టు చేశాడు. ఒకప్పుడు ఇదే ఇసుకలో నేను ఒక్క పొద్దు ఆలస్యంగా వస్తే, టీచరమ్మ యాడ అని వరసంతా కేకలేసేది, ఆమె రానిదే బరువు లేవదు రా అని నన్ను తిట్టేది. ఆ తిట్టు కోసం ఆ కుర్చీలో చాలాసేపు కూర్చుని, చివరి బస్సుకు లేచి వచ్చేశాను.